లెక్క చూపగల గృహనిర్వాహకుడు

ధ్యానమునకు: లూకా 16:1–13; దానియేలు 6:1–5; 2 కొరింథీయులకు 8:16–21



పరీక్షల కాలము వచ్చినదనగా మన సంఘములలో ప్రార్థన మనవుల చీటీలు ఎక్కువగును. ఒకప్పుడు ఆ చీటీలలో టీచరు ట్రైనింగు, నర్సు ట్రైనింగు అనునవే కనబడుచుండెను. ఇప్పుడు ఎం.బి.ఏ. అని వ్రాసినవియు వచ్చుచున్నవి. ఐసెట్ పరీక్ష వ్రాసిన కుమారునికి హైదరాబాదులో సీటు రావలెనని ఒక తల్లి, చదువు ముగించిన కుమార్తెకు పెద్ద కంపెనీలో మేనేజరు పని దొరకవలెనని ఒక తండ్రి వ్రాసి పంపుదురు. మేమును వాటిని పీఠము ఎదుట చదివి ప్రార్థించుచున్నాము. అయితే ఆ చదువు ఏమిటో, అందులో ఏమి నేర్పుదురో మనలో చాలమందికి తెలియదు. కొందరు పెద్దలు అది కోమట్ల చదువు, లోకపు చదువు అని పెదవి విరుచుటయు విన్నాము. తెలియక ప్రార్థించుట తప్పు కాదు గాని, తెలిసికొని ప్రార్థించుట మేలు గదా.

మా సంఘమునుండి ఆ చదువుకు వెళ్లిన యౌవనస్థుడొకడు ఉన్నాడు. తలిదండ్రులు కూలి చేసికొనువారు. హాస్టలు ఖర్చులకు తల్లి పాడిగేదెను అమ్మినది. సెలవులకు వచ్చినప్పుడు మేము అడుగగా అతడు ఈ సంగతులను ఓర్పుతో విడమరచి చెప్పెను. తరువాత అతడే మమ్మును ఒక ప్రశ్న అడిగెను. దాని సంగతి పిమ్మట వ్రాయుదుము.

డిగ్రీ ముగిసిన తరువాత ఇది రెండు సంవత్సరముల చదువు. ఒక సంస్థ లెక్కలు వ్రాయుట, వ్రాసిన లెక్కలను చదివి అది లాభములో ఉన్నదో నష్టములో ఉన్నదో గ్రహించుట, పెట్టుబడి కూర్చుట, సరుకు అమ్ముట, పనివారిని నడిపించుట ఇందులో నేర్పుదురు. దీనితోపాటు బాధ్యతగల నాయకత్వము అనుదానిని ముఖ్యమైన పాఠముగా పెట్టుకొన్న విద్యాలయములు కొన్ని ఉన్నవి. 1949లో జంషెడ్‌పూరులో ఎక్స్.ఎల్.ఆర్.ఐ. అను విద్యాలయమును స్థాపించినవారు యేసు సభకు చెందిన కతోలిక గురువులు. వారు మన శాఖవారు కాకపోయినను, వ్యాపారము నడుపువారికి నీతి నేర్పవలెనని ముందుగా తలంచినవారిలో ఉన్నారని ఒప్పుకొనవలెను. 2007లో ఐక్యరాజ్యసమితి ప్రోత్సాహముతో ఇట్టి విద్యకు కొన్ని సూత్రములు ఏర్పడినవి. 2008లో అమెరికాలో పెద్ద బ్యాంకులు కూలిన మరుసటి సంవత్సరము, హార్వర్డు విద్యాలయమున పట్టము పుచ్చుకొనబోవు విద్యార్థులు కొందరు, వైద్యులు ప్రమాణము చేయునట్లు తామును ఒక ప్రమాణమును వ్రాసికొని సంతకములు చేసిరి.

ఈ పాఠములో పెద్ద వాదమొకటి ఉన్నదట. 1970లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ అను అర్థశాస్త్రవేత్త, నియమములకు లోబడి లాభము పెంచుటయే సంస్థకున్న బాధ్యత అని వ్రాసెను. 1984లో ఎడ్వర్డ్ ఫ్రీమన్ అను ఆచార్యుడు అది చాలదనెను. సంస్థ చేయు పనివలన ఎవరెవరికి మేలు గాని కీడు గాని కలుగునో, వారందరిని లెక్కలోనికి తీసికొనవలెనని అతని మాట. మనకు అర్థమగునట్లు చెప్పవలెనంటే, ఒక చెరకు ఫ్యాక్టరీ ఉన్నదనుకొనుడి. వాటాలు కొన్నవారు లాభము ఎదురుచూతురు. బండి తోలుకొని వచ్చిన రైతు చెరకు బిల్లు ఎదురుచూచును. లోపల పనిచేయువాడు జీతము ఎదురుచూచును. ఫ్యాక్టరీనుండి వచ్చు మురికినీరు ఏ కాలువలో కలియునో ఆ కాలువ నీరు త్రాగు ఊరు ఏమియు ఎదురుచూడదు, దానిని ఎవరును అడుగరు. ఆ ఊరినికూడ లెక్కలో వ్రాయువాడే బాధ్యతగల నాయకుడు.

ఇది లోకపు చదువని మేము ఇక చెప్పలేము. ప్రభువు తన శిష్యులకు ఉపమానము చెప్పుచు ఒక ధనవంతుని ఇంటి మేనేజరును తీసికొనెను. మన బైబిలులో గృహనిర్వాహకుడు అని యున్న మాటకు గ్రీకులో ఓయికొనొమొస్ అని యున్నది. ఇల్లును చక్కబెట్టువాడని దాని అర్థము. ఇంగ్లీషువారు అర్థశాస్త్రమును ఎకనామిక్స్ అని పిలుచునదియు ఆ మూలమునుండి వచ్చినదే. ఆ ఇంటి యజమానుడు వానిని మొదట కొట్టలేదు, తిట్టలేదు, లెక్క అడిగెను. వానికి భయము పుట్టినది అప్పుడే. అంతవరకు వాడు ఆ ఊరిలో గొప్పవాడుగానే తిరిగియుండును.

ఇక్కడ మన తెలుగునాట జరిగిన ఒక సంగతిని మరువకూడదు. ఆ విద్యార్థికి దీనిని తరగతిలో పాఠముగా చెప్పిరట. 1987లో హైదరాబాదులో సత్యం అను కంప్యూటరు కంపెనీ పుట్టెను. ఇరువది యేండ్లలో సుమారు 50 వేలమందికి పని చూపెను. మన పల్లెలనుండి వెళ్లిన పిల్లలు ఆ కంపెనీ కార్డు మెడలో వేసికొని పండుగకు ఇంటికి వచ్చిరి. 2008లో సంస్థను ఉత్తమముగా నడిపించుచున్నదని దానికి ఒక పెద్ద బహుమానముకూడ ఇచ్చిరి. మరుసటి సంవత్సరము జనవరి 7వ తేదీన దాని అధ్యక్షుడైన బి. రామలింగరాజుగారు తన పాలకమండలికి జాబు వ్రాసి, లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఒప్పుకొనెను. మొదట నిజమైన లాభమునకును చూపిన లాభమునకును భేదము కొద్దిగానే యుండెననియు, అది యేటేట పెరిగి చేయిదాటిపోయెననియు ఆయనే వ్రాసెను. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు న్యాయస్థానము ఆయనతో కలిపి పదిమందిని దోషులని తీర్చి శిక్ష విధించెను. అప్పీలుమీద ఆ సంవత్సరమే శిక్ష నిలిపి జామీను ఇచ్చిరి.

మేము దీనిని ఒకరిని నిందించుటకు వ్రాయుట లేదు. అది న్యాయస్థానముల పని. మా మనస్సులో గ్రుచ్చుకొన్నది వేరొకటి. ఆయనయు అమెరికాలో ఎం.బి.ఏ. చదివినవాడే. పాలకమండలిలో ఒక గొప్ప వ్యాపార విద్యాలయపు అధిపతి ఉండెను, హార్వర్డులో బోధించు ఆచార్యుడును ఉండెను. వారికి ఏమియు తెలియదని ఆ జాబులోనే యున్నది. అట్టి పండితులు కూర్చున్న బల్లమీద పెట్టిన కాగితములలోనే లేని సొమ్ము ఉన్నట్లు వ్రాయబడియుండెను. పట్టము మంచిదే గాని, అడుగవలసిన ప్రశ్నను పట్టము తనంతట తాను అడుగదు. మరియు సంస్థ పేరు సత్యమని పెట్టుకొన్నంత మాత్రమున లోపలి పుస్తకములు సత్యము కానేరవు. ఈ మాట వ్రాయునప్పుడు మన గుడి గోడలమీద వ్రాసిన పేర్లు మాకు గుర్తుకు వచ్చినవి.

దానియేలును చూడుడి. దర్యావేషు తన రాజ్యమందు 120 మంది అధిపతులను, వారిపైన ముగ్గురు ప్రధానులను ఉంచెను. రాజునకు నష్టము కలుగకుండ ఆ అధిపతులు లెక్క ఒప్పగించవలెను. దానియేలు ఆ ముగ్గురిలో ఒకడు. మనము సింహముల బోనును గూర్చియే పిల్లలకు చెప్పుదుము గాని, దానికి ముందు జరిగినదానిని దాటిపోవుదుము. అతని శత్రువులు మొదట అతని ప్రార్థనలో తప్పు వెదకలేదు. అతని కార్యాలయపు కాగితములలో వెదకిరి. పుస్తకములన్నియు తిరగవేసి, ఏ దోషమును దొరకనందున, ఇక దేవుని విషయములోనే పట్టుకొనవలెనని తీర్మానించుకొనిరి. అన్యరాజు కొలువులో, పగవారు చేసిన తనిఖీలో నిలిచిన లెక్క అది.

పౌలు సంగతి ఇంకను ఆశ్చర్యము. యెరూషలేములోని బీదలకొరకు అతడు ఊరూర చందా కూర్చెను. అతడు అపొస్తలుడు, దెబ్బలు తిన్నవాడు, తన చేతులతో డేరాలు కుట్టి బ్రతికినవాడు. నా సొమ్మును మీరు నమ్మరా అని అడుగుటకు అతనికి హక్కు ఉండెను. అయినను ఆ సొమ్మును తానొక్కడే పట్టుకొనిపోలేదు. తీతును, సంఘములు ఏర్పరచిన మరియొక సహోదరుని వెంట పంపుచు, తన మీద ఎవరును తప్పు మోపకుండునట్లు ప్రభువు దృష్టికి మాత్రమే గాక మనుష్యుల దృష్టికికూడ యోగ్యమైనదానిని చూచుకొనుచున్నానని కొరింథువారికి తెలియజేసెను. దేవునికి తెలియును, అది చాలును అని మనము అనుచుందుము. పౌలు అట్లు అనలేదు.

ఇప్పుడు ఆ యౌవనస్థుడు అడిగిన ప్రశ్న. గత కోతపండుగకు అతడు ఇంటికి వచ్చియుండెను. ఆరాధన తరువాత కోళ్లు, గుమ్మడికాయలు, ధాన్యపు మూటలు వేలము పాడి ముగించినారము. పెద్దలము బల్లయొద్ద డబ్బు ఎంచుచుండగా అతడు వచ్చి చేతులు కట్టుకొని నిలిచి, "పెద్దయ్యా, ఈ సంవత్సరము వచ్చినదెంత, ఖర్చయినదెంత అని ఒక కాగితము వ్రాసి గోడకు అంటించుదమా? నేను వ్రాసి పెట్టెదను" అనెను. అతడు అడిగినది అంతే.

లెక్కలు చూచు పెద్దయ్య ముఖము ఎఱ్ఱబడెను. "ఇరువది రెండేండ్లనుండి ఈ పెట్టె నా ఇంట ఉన్నది. నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చివచ్చి నన్ను దొంగ అంటావా?" అని లేచెను. మిగిలినవారు ఆ పిల్లవానిని గద్దించిరి. మేమును ఆ బల్లయొద్దనే కూర్చుండియుంటిమి. మేము గద్దించలేదు గాని, నోరును తెరువలేదు. ఆ దినమున మా మౌనము పిల్లవానికి ఎట్లు వినబడినదో దేవునికి తెలియును. నిజమేమనగా, ఆ పెద్దయ్య దొంగ కాడు. ఆ సంగతి ఊరంతయు ఎరుగును. గుడి కప్పు కారినప్పుడు తన ఎద్దులబండిమీద పెంకులు తోలినవాడు. అందుచేతనే ఎవరును అడుగలేదు. ఎవరును అడుగనందుననే ఆ నోటుబుక్కు సగము వ్రాసి సగము వదలిపెట్టబడినది.

అప్పుడు స్త్రీల వరుసలోనుండి ఒక అవ్వ లేచినది. ఆమెకు సంతకము తప్ప చదువు రాదు. "మా పొదుపు సంఘంలో పన్నెండుమందిమి. నెలనెలా పుస్తకం చదివి వినిపించకపోతే ఒక్కతె కూడా రూపాయి తియ్యదు. అక్కడ ఎవరూ కోప్పడరు. పిడికెటి బియ్యం డబ్బుకి మాత్రం ఎందుకయ్యా కోపాలు?" అనెను. ప్రతి దినము అన్నము వండుటకు ముందు ఒక పిడికెడు బియ్యము ప్రభువునకని కుండలో వేయు వాడుక మీ ఇండ్లలోను ఉన్నది గదా. ఆ బియ్యము అమ్మగా వచ్చు సొమ్ము మా సంఘములో పెద్ద ఆదాయము. అది ఎంతో ఆ బియ్యము వేసినవారికి ఎన్నడును తెలియజెప్పలేదని అప్పుడు గ్రహించితిమి.

ఆ రాత్రియు మరుసటి రాత్రియు కూర్చుండి లెక్క వ్రాసినారము. పెద్దయ్య మొదటి రాత్రి రాలేదు, రెండవ రాత్రి నోటుబుక్కు తువ్వాలులో చుట్టుకొని వచ్చెను. మూడు నెలల కానుకలు అసలు వ్రాయబడలేదు. 640 రూపాయలు ఎక్కడికి పోయినవో తేలలేదు. ఆయన తన జేబునుండి తీసి బల్లమీద పెట్టబోగా ఆ పిల్లవాడు, "వద్దు పెద్దయ్యా, తెలియలేదని ఉన్నది ఉన్నట్లే వ్రాద్దము. మీ డబ్బుతో పూడ్చితే లెక్క సరిపోవును గాని నిజము కాదు" అనెను. సత్యం కంపెనీ పాఠమును అతడు మాకు చెప్పినది ఆ రాత్రియే, ఆ బల్లయొద్దనే. తేలలేదు అని వ్రాసిన ఆ ఒక్క వరుసను చూచుచు పెద్దయ్య చాలసేపు కూర్చుండెను. పది దినముల తరువాత మైకుసెట్టు బాగుచేయించిన రసీదు ఆయన బైబిలులో దొరకెను. సరిగా 640 రూపాయలే.

ఆ యౌవనస్థుడు ఈ జూనులో ఉద్యోగమునకు వెళ్లుచున్నాడు. అక్కడ అతని ముందర పెట్టు కాగితములు కోతపండుగ లెక్కలవంటివి కావు. సంతకము చేయుమని చెప్పువాడు అతని జీతము ఇచ్చువాడై యుండును. ఇంటిలో తీర్చవలసిన అప్పు ఉండును, పెండ్లికి ఎదిగిన చెల్లెలు ఉండును. తేలలేదు అని వ్రాయుటకు ఆ దినమున అతనికి ఎంత ధైర్యము కావలెనో తలంచుకొని ప్రార్థించుడి. వాని తల్లి వ్రాయించి పంపిన చీటీలో ఈసారి జీతము మాట లేదు. "నా కొడుకు చెయ్యి అబద్ధపు కాగితము మీద పడకుండ" అని మాత్రము ఉన్నది.

గడచిన నెల మొదటి ఆదివారమున మా గుడి తలుపు ప్రక్కన మొదటి పట్టికను అంటించినారము. చదువ వచ్చినవారు కొద్దిమందే గనుక, ఆరాధన ముగిసిన తరువాత పెద్దయ్య కండ్లద్దములు పెట్టుకొని దాని యెదుట నిలిచి పైనుండి క్రిందివరకు చదివి వినిపించెను. పిడికెటి బియ్యము అమ్మగా వచ్చినది ఇంత అని చదివినప్పుడు, వెనుకనున్న అవ్వ ఆ వరుస ఇంకొకసారి చదువుమనెను. ఆయన మరల చదివెను.