దారి ఎవరిది?

మహాభారతంలోని అరణ్యపర్వంలో అష్టావక్రుని కథ ఉన్నది. వంకరలు తిరిగిన దేహంతో ఆ బాలుడు జనకుని యజ్ఞశాలకు పోతూ ఉండగా త్రోవలో రాజు ఎదురవుతాడు. దారి ముందుగా ఎవరిది అన్న ప్రశ్న పుడుతుంది. బ్రాహ్మణుడు ఎదురుపడితే దారి అతనిదే గాని, లేనప్పుడు అది ముందుగా గ్రుడ్డివానిది, పిదప చెవిటివానిది, స్త్రీలది, బరువు మోసేవానిది, అందరి తరువాతనే రాజుది అంటాడు అష్టావక్రుడు. రాజు తొలగి దారి ఇస్తాడు. అయినా యజ్ఞశాల వాకిట ద్వారపాలకుడు, బాలుడవన్న మిషతో, అతణ్ణి మళ్ళీ ఆపుతాడు. త్రోవ ఇవ్వడం వేరు, సభలో చోటు ఇవ్వడం వేరు.

స్వతంత్ర భారత రాజ్యాంగం తన 326వ అధికరణంలో వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. ఆ హక్కు ఇచ్చేటప్పుడు కాలు నడుస్తుందా, కన్ను చూస్తుందా అని అది అడగలేదు. కాని ఓటు వేసే స్థలం చాలాచోట్ల ఎత్తైన అరుగు మీద కట్టిన పాఠశాల. చట్టం అడ్డగించని మనిషిని అక్కడ మూడు మెట్లు అడ్డగిస్తాయి. దయగల ఇద్దరు అతణ్ణి ఎత్తి లోపలికి తీసుకుపోవచ్చు. వారి దయను శంకించనక్కరలేదు. అయినా పొరుగువాడు పౌరుడుగా నడిచివెళ్ళిన గుమ్మంలోకి అతడు ఒక బరువుగా వెళ్ళాడు. 2004 లోకసభ ఎన్నికల వేళ వాలుబాటలు ఏర్పాటు చేయవలెనని సుప్రీంకోర్టు ఆదేశించింది. పోలింగు కేంద్రాలన్నీ వికలాంగులకు అందుబాటులో ఉండేటట్లు చూడడం ఎన్నికల సంఘం విధి అని 2016 నాటి చట్టం శాసించింది.

మెట్ల సమస్య కంటికి కనబడుతుంది. అంతకంటె సూక్ష్మమైన సమస్య ఒకటి ఉన్నది. 1961 నాటి ఎన్నికల నియమాల ప్రకారం అంధుడు తన వెంట ఒక సహాయకుణ్ణి తీసుకుపోవచ్చు. ఆ సహాయకుడు రహస్యం కాపాడుతానని, ఆనాడు మరి ఎవరికీ సహాయకుడుగా ఉండలేదని ప్రకటించాలి. సాధారణంగా అతడు కొడుకో, తమ్ముడో అవుతాడు. ప్రేమించేవాడు మీట నొక్కితే లోటేమి అని కొందరు అడుగుతారు.

లోటు ఉన్నది. పరుల చేతిమీద బ్రతికేవాడు ఆ పరులతో విభేదించాలంటే వెయ్యిసార్లు ఆలోచించుకోవాలి. వారికి తెలియకుండా, వారి మనసు నొప్పించకుండా విభేదించగల చోటు ఓటు ఒక్కటే. కనుక ఎంత పరాధీనుడో అంత ఎక్కువగా అతనికి ఆ రహస్యం అవసరం. కొడుకు ఎంత సత్యసంధుడైనా, తండ్రి తన మాట అతని చెవిని వేయక తప్పదు. మిగిలిన ఓటర్లలో ఎవరూ చెల్లించని మూల్యం అది.

ఈ లోటు తీర్చే ప్రయత్నం తెలుగునేల మీదనే మొదలైనది. ఓటింగు యంత్రం మీద బ్రెయిలీ లిపిని 2004లో హైదరాబాదులోని ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో ప్రయోగాత్మకంగా ఉపయోగించారు. తరువాత అది దేశమంతటా వ్యాపించింది. అయినా ఓటు సరిగా పడిందని చూపే కాగితపు చీటీ అద్దం వెనుక ఏడు క్షణాలు కనబడి పడిపోతుంది. అంధునికి ఆ నిదర్శనం ఇంకా కన్నున్నవాని నోటిమాటే.

2024 లోకసభ ఎన్నికలలో నలభై శాతానికి తగ్గని వైకల్యం గలవారికి ఇంటివద్దనే ఓటు వేసే వీలు దేశమంతటా తొలిసారిగా కలిగింది. మంచం దిగలేనివారికి అది మహోపకారం. అయితే ఇంటికే వస్తున్నారు కదా అని పాఠశాల మెట్లను అట్లాగే ఉంచితే ఆ ఉపకారం మర్యాదగా గడప దాటనీయకపోవడమే అవుతుంది. ఇంట ఉండాలా, ఇరుగుపొరుగుతో వరుసలో నిలవాలా అన్నది ఆ ఓటరు తేల్చుకోవలసిన విషయం.

ఆనాడు రాజు తొలగితే చాలింది. ఈనాడు ఏ ఒక్కరు తొలగినా చాలదు. అరుగుకు వాలుబాట కట్టాలి, అది ఎన్నికల మరునాడు కూడా అక్కడే ఉండాలి. ఆ పాఠశాలకే చక్రాల కుర్చీలో రావలసిన పిల్లవాడు కూడా ఉంటాడు.