ఏకాంత యాత్ర శ్రావకునకు తగునా?

వర్తకుని ఇంట ప్రతి దినమునకు లెక్క యున్నది. ఉదయము అంగడి తెరచినది మొదలు రాత్రి తాళము వేయువరకు ఎవరు వచ్చిరి, ఏమి కొనిరి, ఎంత చెల్లించిరి, ఎంత బాకీ పడిరి అను సంగతులన్నియు చిట్టాకెక్కును, చిట్టానుండి ఆవర్జాకెక్కును. అంగడి మూసిన దినమునకు కూడ కారణము చెప్పవచ్చును: పెండ్లి, చావు, పర్యూషణము, తీర్థయాత్ర. అయితే ఒకడు ఇట్టి కారణమేదియు లేకయే అంగడిని తమ్మునికో కుమారునికో అప్పగించి, తోడెవరిని పిలువక, బేరమేదియు తలపెట్టక, తోటలలోను గుడులలోను ఒక దినమెల్ల ఊరక నడచి సాయంకాలమునకు ఇల్లు చేరినచో, ఆ దినమును ఏ పద్దున వ్రాయవలెను? ఖర్చుననా, జమననా?

ఈ ప్రశ్న నేడు పలు ఇండ్లలో పుట్టుచున్నది. వ్యాపారము మీద జపాను వంటి దూరదేశములకు పోయిన యువకులు, పని ముగిసిన పిదప ఒక దినము మిగుల్చుకొని, క్యోటో నగరపు గుడులలోను నారా నగరపు ఉపవనములోను ఒంటరిగా తిరిగి వత్తురు. ప్రయాణమంతటిలో ఆ దినమే మేలైనదని చెప్పుదురు. “అక్కడినుండి ఏమి తెచ్చితివిరా?” అని తండ్రి అడుగును. “ఏమియు తేలేదు నాయనా, ఊరక నడిచితిని” అని కుమారుడనును. తండ్రి మారు మాటాడడు గాని, ఆ మౌనములో అసమ్మతి యుండును.

పెద్దల సంశయము లోభమువలన పుట్టినదని తేలికగా త్రోసివేయరాదు. దానికి శాస్త్రాధారము గలదు. శ్రావకుని 12 వ్రతములలో దిగ్వ్రతమొకటి. పది దిక్కులలోను ఇంత దూరము దాటి పోనని గృహస్థుడు జీవితాంతము హద్దు కట్టుకొనును. మనిషి పోయిన చోటికెల్ల వాని ఆశయు పోవును. ఆశ పోయిన చోట హింసయు పోవును. హద్దునకు ఆవలి జీవులకు వానివలన భయము లేకుండుటయే ఈ వ్రతఫలము. మరియొకటి అనర్థదండ విరమణము. ప్రయోజనము లేకయే జీవులకు కలిగించు బాధ అనర్థదండము. దాని 5 భేదములలో ప్రమాదచర్య యొకటి. ఊరక నేలను త్రవ్వుట, నీటిని పారబోయుట, నిప్పును రగిలించుట, చెట్టు చేమలను త్రుంచుట, పనిలేక తిరుగుట ఇందులోనివే. బేరము కొరకు నడచినవాని కాలిక్రింద చీమ చచ్చిన అది సంసారపు అక్కర. ఊరక నడచినవాని కాలిక్రింద చీమ చచ్చినచో వాడేమి సమాధానము చెప్పును? తండ్రి మౌనములోని ప్రశ్న యిదియే.

శాస్త్రము రెండవ వైపును కూడ చూపినది. జీవితాంతపు హద్దును ఒక దినమునకో కొన్ని గడియలకో మరింత కుదించుకొనుట దేశావకాశిక వ్రతము. ‘నేడు ఈ వీధి దాటను, ఈ ఏరు దాటను’ అని నియమము. సామాయికము 48 నిమిషములు. ఆ రెండు గడియలు గృహస్థుడు సైతము సాధువువలె సమభావమున నుండవలెను. 12 భావనలలో ఏకత్వ భావన యొకటి గలదు: జీవుడు ఒంటరిగా పుట్టును, ఒంటరిగా పోవును, తన కర్మఫలమును ఒంటరిగా అనుభవించును. దినమెల్ల పదిమంది నడుమ కూర్చుండు వర్తకునకు ఈ మాట ఉపాశ్రయమున వినబడునే గాని మనస్సునకెక్కుట కష్టము. మునులు ఎనిమిది నెలలు కాలినడకన విహరించి, జీవరాశి మిక్కుటమైన వానకాలమున నాలుగు నెలలు ఒకచోట నిలుతురు. కావున నడకయే పాపమనుటకు వీలులేదు. నిలుకడయే పుణ్యమనుటకును వీలులేదు. ఏది ఎప్పుడు, ఎంతవరకు అనునదియే విచారింపదగినది.

ఈ విచారణకు జపాను వరకు పోనక్కరలేదు. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తెలుగు మాటాడు కుటుంబములకు నంది కొండ తెలియనిది కాదు. మంచేనహళ్ళి వర్తకుడు తెల్లవారుజామున బస్సెక్కి చిక్కబళ్ళాపురము మీదుగా నంది గ్రామము చేరవచ్చును. అక్కడ కొండ పాదమున భోగనందీశ్వరాలయము గలదు. దానికి సంబంధించిన శాసనములు 9వ శతాబ్ది ఆరంభమునాటివి. ఆలయ ప్రాంగణము దాటిన మెట్ల కోనేరు; ఉదయపు వేళ అందులో ఆకాశము తప్ప మరేమియు కదలదు. కొండమీద, సుమారు 4,850 అడుగుల ఎత్తున, యోగనందీశ్వరుడు గలడు. క్రింద ఉన్నది భోగదశ, పైన ఉన్నది వైరాగ్యదశయని స్థానికులు చెప్పుదురు. శైవుల ఈ భావన శ్రావకునకు పరాయిదిగా తోపదు. గృహస్థధర్మము మొదటి మెట్టు, శ్రమణధర్మము శిఖరము అని అతడు చిన్ననాటినుండి విన్నదే గదా! ఆ నడుమ నున్న కొండను మాత్రము ఎవరికి వారే ఎక్కవలెను.

ఈ కొండల వరుసలోనే గోపీనాథ గుట్ట గలదు. దానిమీది పురాతన శాసనమొకటి జైనులకు ముఖ్యమైనది. అక్కడి అర్హంతుని చైత్యాలయమును దశరథ పుత్రుడైన రాముడు నెలకొల్పెననియు, పాండవుల తల్లి కుంతి దానిని పునరుద్ధరించెననియు ఆ శాసనము చెప్పును. లిపినిబట్టి అది సుమారు 8వ శతాబ్దిదని పండితులు నిర్ణయించిరి. ఒకనాడు ఈ గుట్టమీద అర్హంతుని పూజ జరిగినది. నేడు ఆ చైత్యాలయము లేదు. గుంపుగా వచ్చినవారు ఈ సంగతి విని, ‘ఎవరు తీసిరి? ఎప్పుడు పోయినది?’ అని వాదమునకు దిగవచ్చును. ఒంటరిగా వచ్చినవానికి వాదింప ఎదుటివాడు లేడు. రాయి యున్నది, గాలి యున్నది, తాను ఉన్నాడు. రాముని పేర చెప్పబడిన ఆలయమే నిలువనిచోట, తన అంగడి మీది పేరుపలక ఎంతకాలము నిలుచును? పుస్తకమున చదివిన అనిత్య భావన అక్కడ కంటికి కనబడును.

నంది గ్రామమునకు సమీపమున ముద్దేనహళ్ళి గలదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1861లో అక్కడ జన్మించిరి. 1962లో గతించిన పిదప వారి సమాధియు అక్కడనే వెలసినది. వారి పూర్వులు ఆంధ్రదేశమునందలి మోక్షగుండము నుండి వచ్చినవారు. ఈ గ్రామపు బిడ్డ 1898లోనే జపాను వెళ్ళి, ఆ దేశము పరిశ్రమలలోను విద్యలోను ఎట్లు ముందుకు పోయినదో పరిశీలించి వచ్చెను. అది ప్రయోజనము గల యాత్ర. దాని ఫలము దేశము ఎరుగును. తండ్రులు కుమారులకు చూపదగిన యాత్ర అదియే అనిన తప్పులేదు. అయితే ఒక దేశమునుండి తెచ్చుకొనదగినవి యంత్రములు, పద్ధతులు మాత్రమేనా? తనను తాను చూచుకొను అలవాటు కూడ తెచ్చుకొనవచ్చును. దానికి సుంకము కట్టనక్కరలేదు.

క్యోటోలోని ర్యోఆన్‌జీ అను బౌద్ధాలయమున ఒక రాతితోట గలదు. చెట్లు లేవు, పూలు లేవు. దువ్వినట్లు గీతలు తీర్చిన తెల్లని కంకరలో 15 రాళ్ళు మాత్రమున్నవి. వసారాలో ఎక్కడ కూర్చుండి చూచినను ఒక రాయియైనను మరుగుపడునట్లు వానిని అమర్చిరి. బౌద్ధులు దీనికి తమ అర్థము చెప్పుకొందురు. శ్రావకునకు మాత్రము అనేకాంతవాదము స్ఫురింపక మానదు. పదునాలుగు రాళ్ళు చూచినవాడు ‘ఉన్నవి ఇంతియే’ యనిన అది ఏకాంతవాదము. ‘ఈ చోటినుండి ఇట్లు కనబడుచున్నది’ అనిన అది స్యాద్వాదము. అన్నదమ్ములు భాగములు పంచుకొనునప్పుడు, భాగస్వాములు లెక్కలు తేల్చుకొనునప్పుడు, తమకు కనబడని రాయి ఒకటి యుండవచ్చునని ఒక్కరు తలచినను ఎన్ని వ్యాజ్యములు తప్పును!

నారా ఉపవనమున వేయికి పైగా జింకలు స్వేచ్ఛగా తిరుగును. కసుగా దేవాలయపు దేవతకు అవి దూతలని జపానీయుల నమ్మకము. 1957లో ప్రభుత్వము వానిని సహజ స్మారకముగా ప్రకటించి రక్షించుచున్నది. అవి మనుష్యుని చూచి పారిపోవు. చేతిలోని అప్పము కొరకు దగ్గరకు వచ్చును. నంది కొండమీద కోతులును అట్లే వచ్చును గాని, అడుగక సంచిని లాగికొనును! నవ్వు వచ్చినను, జీవులు మనిషికి భయపడని చోటు లోకమున ఎంత తక్కువయో అప్పుడు తోచును. అభయదానము దానములన్నిటిలో శ్రేష్ఠమని వినియున్న వానికి, ఆ దానము పుచ్చుకొన్న జీవి ఎట్లుండునో అక్కడ ఎదుటనే కనబడును.

ఇంతవరకు ఏకాంత దినము సుఖముగనే గడచును. దాని అసలు పరీక్ష మధ్యాహ్నము తరువాత వచ్చును. మాటాడుటకు ఎవరును లేనప్పుడు, అంగడి సందడిలో అణగియుండిన ప్రశ్నలు ఒక్కొక్కటిగా లేచును. ఈ ప్రాంతము పట్టు సీమ. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంత పేరు మోసినది. గూటిలోని పురుగు వేడికి చచ్చినగాని దారము తెగక రాదు. ఈ సంగతి ఎరుగని వర్తకుడు లేడు. దానిని గురించి దినమున ఒకమారు తలచు వర్తకుడును అరుదు. ప్రాణుల దేహభాగములతో ముడిపడిన వర్తకమును 15 కర్మాదానములలో చేర్చి పూర్వాచార్యులు హెచ్చరించిరి. పట్టుబట్ట అమ్మువాడు ‘నేను చంపలేదు’ అనును. నేతగాడును అట్లే అనును. కొని కట్టుకొన్నవాడును అట్లే అనును. అందరును చంపలేదు, పురుగు మాత్రము చచ్చినది.

జపానును ఒకప్పుడు పట్టు పోషించిన దేశమే. జంషెట్జీ టాటా బెంగళూరున పట్టు క్షేత్రము స్థాపించినప్పుడు అక్కడి నిపుణులనే రప్పించెను. ఆ దేశపు పట్టు సీమలలో కొన్నిచోట్ల పట్టుపురుగుల ఆత్మశాంతికై నిలిపిన స్మారక శిలలు గలవు. చంపి శిల నిలుపుట అహింస కాదని శ్రావకుడు వెంటనే అనవచ్చును. ఆ మాట నిజమే. శిలవలన చచ్చిన పురుగు బ్రతుకదు. అయినను, ‘ఇక్కడ ప్రాణములు పోయినవి, వానివలన మేము బ్రతికితిమి’ అని రాతిమీద ఒప్పుకొన్నవాడు, ఆ సంగతియే పలుకక లాభము లెక్కించుకొన్నవానికంటె ఒక అడుగు ముందున్నాడు. తప్పును ఒప్పుకొనుటనే ఆలోచన యందురు. ప్రతిక్రమణము అక్కడనే ఆరంభమగును. శిల నిలిపి ఆగినవాడు సగములో నిలిచెను; శ్రావకుడు శిల లేకయే మిగిలిన సగము నడువవలసియున్నది.

కావున మొదటి ప్రశ్నకు సమాధానము ఇట్లు చెప్పవచ్చును. ఏకాంత యాత్ర మూడు నియమములకు లోబడినచో అనర్థదండము కాదు. మొదటిది, హద్దు. బయలుదేరునప్పుడే ఇంత దూరము, ఇన్ని గడియలు, ఇంత ఖర్చు అని కట్టుకొనవలెను. హద్దులేని తిరుగుడు ఆశకు మరియొక పేరు. రెండవది, యతన. చూచి నడువవలెను, కొమ్మ విరువరాదు, కొలనులో రాయి వేయరాదు, రాత్రి భోజనమునకు దారి తీయరాదు. మూడవది, తిరిగివచ్చుట. కొండమీద తోచిన సంగతి అంగడిలో ఒక్క అలవాటునైనను మార్చవలెను. త్రాసు పట్టు చేయి కొంచెము నిదానించవచ్చును. బాకీదారునితో మాట కొంచెము మెత్తబడవచ్చును. చేయరాని సరకొకటి అంగడినుండి తొలగవచ్చును. ఏమియు మారనిచో తండ్రి సంశయమే నిజమైనది, ఆ దినము ఖర్చు పద్దుననే వ్రాయవలెను.

ఈ నియమములు తండ్రికిని కుమారునకును సమానమే. మూడవ నియమము కుమారునకు కఠినము, ఏలయన చూచినది వర్ణించుట సులభము, మారుట కష్టము. తండ్రికి కఠినమైనది వేరొకటి: అంగడి ఒక దినము తాను లేకయే నడచునని ఒప్పుకొనుట. ముప్పది యేండ్లు గద్దెమీద కూర్చున్నవానికి ఇది చిన్న త్యాగము కాదు. ‘ఏమి తెచ్చితివిరా?’ అని అడుగుటకు బదులు, ‘ఏమి తోచినది?’ అని అడిగినచో, కుమారుడు పట్టుగూళ్ళ మాట ఎత్తగలడేమో! ఆ మాట ఇంట ఎవరో ఒకరు ఎత్తవలసియే యున్నది.

దీపావళినాడు వర్తకులు కొత్త లెక్క పుస్తకములకు పూజ చేయుదురు. అదియే మహావీరస్వామి నిర్వాణ దినము. ఒకే రాత్రి ఒకవైపు ఏటి లాభనష్టములు, ఒకవైపు సర్వమును విడిచిన మహాత్ముని స్మరణము! ఆ రెంటిని ఒక్క దీపము క్రింద ఉంచిన పూర్వులు తెలివిగలవారు. ఏడాదిలో ఒక్క దినము, కొండమీదనో కోనేటి గట్టుననో, ఆ రెండవ లెక్కను ఒంటరిగా చూచుకొన్నవానికి ఆ రాత్రి కొత్త పుస్తకము తెరచునప్పుడు చేయి వణకదు.