శివారు పొలం

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, మా పిన్ని వాళ్ళింట్లో పనిచేసే ఆవిడ నాలుగేళ్ళ మనవరాలిని వెంటబెట్టుకొచ్చింది. పిల్ల మెళ్ళో టై, నడుముకి బెల్టు. సెలవులైనా విప్పనంటుందట. తల్లి కువైట్‌లో ఉంది, తండ్రి చేపల చెరువుల దగ్గర కాపలా. "వీధి చివర అంగన్‌వాడీ ఉంది కదా, కాన్వెంటు దేనికి?" అన్నాను, అన్నీ తెలిసినవాడిలాగ. గుడ్డు పెడతారు, పాలిస్తారు, పైసా ఖర్చుండదు అని కూడా చెప్పాను. ఆవిడ అంతా విని, "తిండి పెడతారండి, కాదన్ను. చదువు కావాలి గదండి. ఇంతకీ మీ పాపని ఎక్కడేశారు బాబుగారూ?" అంది. అందులో వెటకారమేమీ లేదు. తెలుసుకుందామనే అడిగింది.

మా పాపని రాజమండ్రిలో ప్లే స్కూల్లో వేశాం. అదే చెప్పాను. "మరి!" అంది ఆవిడ, గిన్నెలు తోముకుంటూ.

ఆ "మరి" నన్ను ఇప్పటికీ వదల్లేదు. మన బిడ్డకి చాలదనుకున్నది పక్కవాళ్ళ బిడ్డకి చాలు అని ఎలా అనగలుగుతున్నాం? అంత తేలిగ్గా అనగలగడానికి మనకి ఎవరు అనుమతిచ్చారు?

ఒక అనుమతి చట్టంలోనే ఉంది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ లోపు ప్రతి బిడ్డకీ చదువు ప్రాథమిక హక్కు అంది. అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా నడిచిన కేసే. ఆ తీర్పు పై వయసు చెప్పింది గానీ కింద గీత గీయలేదు. ఆ గీత 2002లో 86వ సవరణతో పడింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకి హక్కు దక్కింది. ఆరులోపు వాళ్ళు 45వ అధికరణంలోకి, అంటే రాజ్యం "ప్రయత్నించాల్సిన" పనుల జాబితాలోకి వెళ్ళారు. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ కూడా వాళ్ళకి ఉచిత పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాటు చేయవచ్చు అంటుంది, చేసి తీరాలి అనదు. "చేయవచ్చు"కీ "చేయాలి"కీ మధ్య దూరం ఎంతో ఆ పిల్లని చూస్తే తెలుస్తుంది. మొదటిది దయ, రెండోది బాకీ. దయలో నాణ్యత గురించి అడగం. దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదని మన సామెతలే నేర్పాయి. బాకీ తీర్చేటప్పుడు మాత్రం నోటు చిరిగినా ఒప్పుకోం.

అంగన్‌వాడీల పథకం ఐసీడీఎస్ 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైంది. అది తలపెట్టిన ఆరు సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. తిండీ టీకాలూ బతుకుకి సంబంధించినవి కాబట్టి ముందు వాటినే పట్టించుకున్నారు, అది తప్పని ఎవరూ అనలేరు. పోషణకి రిజిస్టరుంది, తూకముంది, ఇప్పుడు ఫోన్లో యాప్ కూడా ఉంది. టీచరు పిల్లతో కూర్చుని ఎంతసేపు కబుర్లు చెప్పింది, పిల్ల అడిగిన "ఎందుకు"లకి ఎన్నిటికి జవాబొచ్చింది అన్నవి ఏ గడిలోనూ ఎక్కవు. ఆ వయసు చదువంటే అదే మరి.

ఆ కూర్చునే మనిషి సంగతి చూద్దాం. మూడేళ్ళ పిల్లనీ ఐదేళ్ళ పిల్లనీ ఒకే గదిలో పెట్టుకుని, గర్భిణుల లెక్క, టీకాల రోజు పని, సర్వేలు, రిజిస్టర్లు అన్నీ ఆవిడే చూడాలి. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకి దిగారు. అప్పటికి టీచరుకి నెలకి 11,500, ఆయాకి 7,000 రూపాయలు. దాని పేరు జీతం కాదు, గౌరవ వేతనం. సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో, 2024 జనవరిలో, ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అత్యవసర సేవల కోసం పెట్టుకున్న చట్టం. డబ్బు అడిగితే స్వచ్ఛంద సేవకురాలు, పని మానేస్తే అత్యవసర ఉద్యోగి! ఒకే మనిషి రెండూ ఎలా అవుతుందని నిలదీయడానికి యూనియన్ నాయకులే కానక్కర్లేదు. 2022లో సుప్రీంకోర్టు వీళ్ళకి గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పింది. ఆ మాట కోర్టు దాకా వెళ్ళి చెప్పించుకోవలసి రావడమే మన లెక్కల్లో వాళ్ళెక్కడున్నారో చెబుతుంది.

దీన్ని మా ప్రాంతం వాళ్ళకి కాలువ భాషలో చెప్పొచ్చు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కింద సుమారు పది లక్షల ఎకరాలు పండుతున్నాయి. ఎగువన కాలువ నిండుగా పారుతుంటే శివారు పొలానికి తడి అందదు. దాళ్వాకి నీళ్ళు తగ్గితే వంతులు పెడతారు. తగాదాలొస్తాయి, నిజమే. కానీ కాలువ పెద్దరైతుకీ కావాలి, కౌలురైతుకీ కావాలి. తూము పాడైతే పెద్దరైతు ఇంజనీరు దగ్గరికి వెళ్తాడు. ఆయన గొంతుతో పక్కవాడి మడీ తడుస్తుంది. ఆ పెద్దరైతు సొంతంగా బోరు వేసుకున్నాడనుకోండి, ఇక కాలువ గురించి మాట్లాడేదెవరు?

కాన్వెంటు అలాంటి బోరు. నాలాంటివాళ్ళం ముందే వేసుకున్నాం. మమ్మల్ని చూసి ఆవిడా వేసుకుంది, కాయకష్టం డబ్బుతో. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు వేస్తే ఏం పడుతుందో తెలుసుగా, ఉప్పునీళ్ళు. ఆ పిల్ల కాన్వెంటులో ఇంకా పెన్సిలు సరిగా పట్టుకోలేని వేళ్ళతో ఏబీసీడీలు పేజీలకి పేజీలు దిద్దుతోంది. ఆటల్లేవు, కథల్లేవు. డబ్బు కట్టి కొనుక్కున్నది కూడా చదువు కాదు, చదువు వేషం.

మరి మా పాపని అంగన్‌వాడీలో వేసి ఉండాల్సిందా? చాలాకాలం ఇక్కడే చిక్కుపడ్డాను. నా నమ్మకాలకి ఖరీదు నా బిడ్డ ఎందుకు కట్టాలి అన్న వాదనలో బలముంది. పిల్లలు మన సిద్ధాంతాలకి పనిముట్లు కారు. అందుకని తీసుకెళ్ళిపోవడమే తప్పని నేననను. పాపతోపాటు నా గొంతు, నా శ్రద్ధ కూడా తీసుకుపోయాను, అదీ తప్పు. పొలంలో బోరున్నా నీటి తీరువా కట్టక తప్పదు గదా. 2006లో సుప్రీంకోర్టు, ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉన్న వాడ అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ ఇవ్వాలంది. అడిగితే! అడగడం అలవాటున్నవాళ్ళం ఆ వాడల్లో లేం.

ప్రభుత్వానికి డబ్బు తక్కువ, ఉన్నంతలో పేదలకి పెట్టాలి అంటారు. అది సబబుగానే వినిపిస్తుంది. కానీ పేదలకి మాత్రమే అని గిరిగీసిన చోట "వాళ్ళకి ఇది చాలు" అన్న మాట చడీచప్పుడు లేకుండా వచ్చి కూర్చుంటుంది. ఎంత చాలో కొలిచేది ఎప్పుడూ అది వాడనివాళ్ళే.

మళ్ళీ ఊరెళ్తే ఆవిడకి ఏం చెప్పాలో ఆలోచించాను. కాన్వెంటు మానిపించమని మాత్రం చెప్పను. ఆ హక్కు నాకు లేదు. వీధి చివరి గది దాకా వెళ్తాను, ఈసారి గుడ్ల లెక్కకి కాదు, టీచరమ్మకి పిల్లలతో కూర్చునే తీరిక ఉందో లేదో చూడ్డానికి. లేకపోతే ఎందుకు లేదో రాసి అడుగుతాను. ఆవిడ మళ్ళీ "మరి?" అంటుందనుకోండి, అనాలి కూడా.