తొక్కుడుబిళ్ల గీతలు



మొన్న మా వీధిలో ఫంక్షన్ జరిగింది. ఏడో తరగతి పిల్ల పెద్దమనిషి అయింది. వీధి మొదట్లో నిలువెత్తు ఫ్లెక్సీ. పట్టుచీర, వడ్డాణం, పూలజడ, బుగ్గన చుక్క. అక్షింతలు వేసినవాళ్లంతా "ఇంకేం, సంబంధాలు చూడటమే" అంటున్నారు. ఆ పిల్ల మాత్రం కుర్చీలోంచి మెడ చాచి, పందిరి అవతల తొక్కుడుబిళ్ల ఆడుతున్న స్నేహితురాళ్లనే చూస్తోంది.

చిమ్మిలి తినిపించడం, హారతివ్వడం ముచ్చటే. ఎదిగే బిడ్డకు బలమైన తిండి పెట్టాలన్న పెద్దల ఆలోచనా మంచిదే. బరువల్లా మర్నాటి నుంచి మొదలయ్యే మాటలది. గట్టిగా నవ్వకు. సైకిలెక్కకు. అన్నయ్య తిన్న కంచం తియ్యి. ఒంట్లో ఒక మార్పు వచ్చింది, అంతే కదా! మనసుకింకా 12 ఏళ్లే.

పిల్లను పెద్దదాన్ని చేసేయాలన్న ఈ తొందర చివరికి ఎక్కడికి చేరుతుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మందికి పైనే. చిన్నపిల్లల పెళ్లిళ్లను ఎండగట్టిన గురజాడవారి కన్యాశుల్కం నాటకం తొలిసారి ఆడింది 1892లో. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ లెక్క వింటే గుండె కలుక్కుమంటుంది.

అమ్మలారా, నాన్నలారా! ఈ సాయంత్రం మీ అమ్మాయిని వీధిలో కాసేపు ఆడుకోనివ్వండి. మీ చుట్టుపక్కల ఎక్కడైనా బాల్యవివాహం జరగబోతోందని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి.