ఖర్చు పద్దులో మనుషులు

బీదవాళ్లకు చరిత్ర లేదని మనం మీటింగుల్లో చాలాసార్లు అంటాం. ఇంగ్లండు పల్లెటూరి కూలీల సంగతి చదివినకాడి నుంచీ నాకా మాట అంత తేలిగ్గా నోట రావటంలేదు. అక్కడ సెంటు భూమి లేనోడి మనవడు కూడా ఆరేడు తరాలు వెనక్కిపోయి ముత్తాతల్ని పేర్లతో సహా పట్టుకుంటున్నాడు. అయితే ఆ పేర్లు ఎవరు రాశారు, ఎందుకు రాశారు అన్నదే నా ప్రశ్న.

ప్రతి చర్చీ బాప్తిస్మాలూ పెళ్లిళ్లూ సమాధులూ పుస్తకంలో ఎక్కించాలని 1538లో రాజుగారి మంత్రి థామస్ క్రామ్‌వెల్ హుకుం చేశాడు. ఒక చర్చి కిందుండే ప్రాంతాన్ని పారిష్ అంటారు. దిక్కులేనివాళ్లని సాకే భారం 1601 చట్టం ఆ పారిష్ మీద పెట్టింది. భూమీ ఇళ్లూ వున్నోళ్లు పన్ను కట్టాలి. పన్ను కట్టినోడికి లెక్క చెప్పాలి. అందుకని ఎవరికి జోళ్లు కొనిచ్చారో, ఎవరి శవప్పెట్టెకి ఎంతయిందో పద్దు రాశారు. 1662 చట్టం తర్వాత బీదవాణ్ణి మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టి, ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర పనిచేశావు అని అడిగి రాసుకునేవాళ్లు. తమ ఊరోడు కాదని తేలితే ఆర్డరు రాసి వాడి ఊరికి తోలేసేవాళ్లు. ఇవాళ వంశం వెతుక్కునేవాళ్లకి ఆ విచారణ కాయితం దొరికితే పండగే. కూలోడి బతుకు కథ, వాణ్ణి వదిలించుకోటానికి అడిగిన ప్రశ్నల్లో మిగిలింది!

సాయం తీసుకునేవాళ్లు కుడి భుజాన ఎర్రదో నీలందో గుడ్డతో 'పి' అక్షరం కుట్టుకోవాలని 1697లో చట్టం చేశారు. 'పి' అంటే పాపర్, బిచ్చపు బతుకోడు. 1783లో చర్చి రిజిస్టరులో ఒక్కో నమోదుకి మూడు పెన్నీల పన్నేసి, బీదలకి మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు గుర్తుగా, అప్పుడే పుట్టిన బిడ్డ పేరు పక్కన కూడా 'పి' పడింది. సర్టిఫికెట్టు చూసి మనిషిని కొలిచే చూపుల కింద చదువుకున్న మనకి ఆ అక్షరం బరువు ఎవరూ చెప్పక్కర్లేదు.

1834 చట్టంతో వర్క్‌హౌసులు పెరిగినయ్. తిండి కావాలంటే లోపలికి రావాలి. మొగుడొకచోట, పెళ్లాం ఒకచోట, పిల్లలొకచోట. చేరేటప్పుడు రిజిస్టరులో పేరు, ఊరు, సాయం కోరే కారణం. ఆ కారణం రాసే గడి వేలెడంత.

ఆ గడిలో ఏం పడుతుందో, ఏం పట్టదో జార్జ్ ఎడ్వర్డ్స్ బతుకు చెబుతుంది. నార్ఫోక్ ప్రాంతంలో మార్షమ్ అనే పల్లెలో 1850లో పుట్టాడు. పిల్లలు ఆకలికి తాళలేకపోతే తండ్రి ఐదు టర్నిప్ దుంపలు ఇంటికి తెచ్చాడు. దొంగతనమని జైల్లో పెట్టారు. తల్లీ పిల్లలూ వర్క్‌హౌసు పాలయ్యారు. జార్జ్ ఆరేళ్లకే చేలల్లో కాకులు తోలే పనికి పోయాడు. పెళ్లయినాక భార్య దగ్గర అక్షరాలు నేర్చుకున్నాడు. కూలీల సంఘం కట్టాడు, 1920లో పార్లమెంటుకి గెలిచాడు, 1922లో తన కథ తనే రాశాడు. గడి నింపే గుమస్తాకి 'మొగుడు జైల్లో' అన్నంతవరకే పని. ఐదు దుంపల మాట, ఆకలి మాట కొడుకు రాస్తేనే వచ్చింది.

మావైపు చూస్తే ఆ గడి కూడా లేదు. మా తాత తండ్రి పేరు మా నాయనమ్మ నోట్లో వుండేది, ఆమెతోనే పోయింది. కరణం లెక్కల్లో భూమి వున్నోడికే పేరు. "పోన్లే సార్, ఆ 'పి' మచ్చ కూడా లేదుగా మనకి" అన్నాడు నాతో పనిచేసే మాస్టారొకాయన. నేను వొప్పుకోలేదు. ఆ కాయితం బీదవాడి మెడకి తాడే, కానీ ఒకోసారి వాడి చేతిలో హక్కు కూడా అయింది. 'నేనీ ఊరోణ్ణి, నన్ను సాకాల్సిన బాధ్యత మీది' అని దాన్ని చూపించి అడగ్గలిగాడు. మావాళ్లు ఊరికి చెప్పులు కుట్టారు, చచ్చిన గొడ్డుని మోశారు, డప్పు కొట్టారు. ఊరు మాకు ఎంత బాకీ పడిందో ఒక్క కాయితంలోనూ లేదు. రాస్తే బాకీ ఒప్పుకున్నట్టే గదా! ఇంకో తేడా కూడా వుంది. వాళ్ల 'పి' గుడ్డ మీద కుట్టింది, సాయం మానుకుంటే వూడుతుంది. మన మీద రాసింది గుడ్డ మార్చినా, ఉద్యోగం వచ్చినా వూడదు.

కాబట్టి రాయించుకోవటం ఒకటే న్యాయం కాదు, రాయకుండా వదిలెయ్యటం అంతకన్నా కాదు. మనిషిని ఖర్చుగా రాసినోడి పద్దులోంచి ఆ మనిషిని బయటికి తీసే పని వెనకవచ్చిన వాళ్లదే. మరి ఇవాళ రిజిస్టరు రాసే చెయ్యి నాదైతే?

గూడెంలో మొదట డిగ్రీ చదివినోణ్ణి నేను. ఇప్పుడు బడి రిజిస్టరు నా చేతిలో వుంది. అందులోనూ బడి మానేసిన కారణానికి ఒక గడి వుంది, అదీ వేలెడంతే. 'దీర్ఘకాలం గైర్హాజరు' అని రాస్తే సరిపోతుంది, ఎవరూ అడగరు. కానీ తప్పు పిల్లదవుతుంది. నేను 'తల్లితో మిరపకోతకి వెళ్లింది, ఇంట్లో అప్పు' అని రాస్తాను. గడి చాలకపోతే పక్క గడిలోకి రాస్తాను.