సన్మానపత్రం వ్రాసే మనుమరాలికి



సన్మానపత్రం అనేది సభలో చదివి, పటం కట్టించి చేతికిచ్చే పొగడ్త మాత్రమే కాదు. ఒక సంస్థ తనకు మేలు చేసినవారిని ఏ కారణం చేత గౌరవించిందో తరువాతివారికి తెలిపే సాక్ష్యం కూడా. అందువల్ల, కాన్వెంటు బడిలో చదువుకున్న ఒక పూర్వవిద్యార్థిని, ఆమె భర్త కలిసి ఆ బడికి చేసిన సహాయాన్ని పురస్కరించుకుని జరగబోయే సభకు పత్రం వ్రాసే పని మనుమరాలి మీద పడినప్పుడు, ఆమె ముందుగా తేల్చుకోవలసినది ఏ విశేషణాలు వేయాలన్నది కాదు, ఆ ఇద్దరిలో ఎవరిని దేనికి గౌరవిస్తున్నారన్నది. మనుమరాలు పంపిన చిత్తుప్రతిలో ‘దానకర్ణులు’ అన్న మాట మూడుచోట్ల ఉంది. బడిలో పదేళ్ళు చదివిన ఆమె మాత్రం భర్త పేరు పక్కన ‘సతీసమేతంగా’ అన్న ఒక్క పదంలో ఇమిడిపోయింది.

మనిషి మూడు ఋణాలతో పుడతాడని ధర్మశాస్త్రాలు చెబుతాయి: దేవఋణం యజ్ఞంతోను, పితృఋణం సంతానంతోను, ఋషిఋణం అధ్యయనంతోను తీరుతాయి. చదువు తాలూకు బాకీ ఈ మూడవ పద్దు కిందికి వస్తుంది. దానిని చదువు చెప్పినవారికే తిరిగి ఇవ్వాలని లేదు, తమ తరువాతివారికి చదువు అందేటట్టు చేసినా చెల్లినట్టేనని పెద్దలు భావిస్తూ వచ్చారు. ఈ లెక్కన పూర్వవిద్యార్థిని బడికి ఇచ్చినది దానం కాదు, బాకీ తీర్చడం. ఎవరూ అడగకపోయినా, పత్రం లేకపోయినా, గుర్తుపెట్టుకుని బాకీ తీర్చేవారు అరుదు కనుక అది గౌరవింపదగినదే. భర్త సంగతి వేరు. ఆయన ఆ బడి బల్లల మీద కూర్చోలేదు, అక్కడి సిస్టర్ల చేత చీవాట్లు తినలేదు, ఆ గంట చప్పుడు వింటే ఆయనకు గుర్తుకు వచ్చేదేమీ లేదు. బాకీ లేనిచోట ఇచ్చాడు కాబట్టి దానమన్న మాట నిజానికి ఆయనకే చెల్లుతుంది. చెక్కు ఒక్కటే అయినా చేసిన పనులు రెండు, ఆ రెండింటినీ ‘పుణ్యదంపతులు’ అన్న ముద్దలో కలిపేస్తే ఇద్దరికీ అన్యాయమే జరుగుతుంది.

‘భార్య కోరికను కాదనకుండా అంగీకరించిన విశాలహృదయులు’ అన్న వాక్యాన్ని కూడా కొట్టివేయడం మంచిది. వేదికల మీద ఈ మాట ఎంత తరచుగా వినిపించినా, అందులో ఆమె సొమ్ము ఆయన అనుమతితో ఖర్చయిందన్న ఊహ దాగి ఉంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ హిందూ స్త్రీ ఆస్తి మీద ఆమెకు సంపూర్ణ హక్కును గుర్తించి ఏడు దశాబ్దాలు కావస్తున్నా, సన్మానపత్రాల భాష ఇంకా అంతకు ముందే ఆగి ఉంది.

ఇటువంటి జంటను గురించి ఎలా వ్రాయాలో తెలుసుకోవడానికి అమ్మమ్మ ఉండే మారేడ్‌పల్లికి ఎంతో దూరం లేని సికింద్రాబాద్ సెయింట్ ఆన్స్ బడి పూర్వచరిత్ర చూస్తే చాలు. ఇటలీలోని తూరిన్ నగరంలో ఏర్పడిన పునీత అన్నమ్మ సభకు చెందిన మఠకన్యలు, అంటే పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు పట్టి సామూహికంగా జీవించే క్రైస్తవ సన్యాసినులు, 1871లో సికింద్రాబాద్ వచ్చి ఆ బడికి పునాది వేశారు. అన్నమ్మ అంటే సెయింట్ ఆన్, మరియమ్మ తల్లి, ఏసుకు అమ్మమ్మ. ఆడపిల్లల బడికి అమ్మమ్మ పేరు పెట్టడం ఈ ఉత్తరం వ్రాసేవారికి ప్రత్యేకంగా నచ్చే విషయమని వేరే చెప్పనక్కరలేదు. ఆ సభను స్థాపించినవారు మాత్రం సన్యాసులు కారు, గృహస్థులైన భార్యాభర్తలు. ఆమె జూలియా కోల్బర్ట్, ఫ్రెంచి విప్లవంలో అయినవారిని పోగొట్టుకున్న కుటుంబపు బిడ్డ. ఆయన తన్‌క్రేది ఫల్లెత్తి, తూరిన్‌లో బరోలో మార్క్విస్, అంటే వంశపారంపర్యపు హోదా, భూములు కలిగిన ప్రభువు. వారి వివాహం 1806లో జరిగింది. సంతానం కలుగలేదు. ఉన్న సంపదను పరాయి పిల్లల మీదికి మళ్ళించడానికి ఇద్దరూ పూనుకున్నారు కాని, చేసిన పని ఒకటి కాదు. ఆమె స్త్రీల జైలుకు వెళ్ళి, ఖైదీలకు చదవడం, వ్రాయడం నేర్పి, 1821లో జైలు పర్యవేక్షకురాలై, నియమాలను కూడా వారి సమ్మతితోనే ఏర్పరచింది. ఆయన నగర మేయరుగా పనిచేసినవాడు. కూలినాలి చేసుకునే తల్లుల పసిపిల్లల కోసం 1825లో తమ భవనంలోనే శిశుపాఠశాల తెరిచాడు. 1834లో ఇద్దరూ కలిసి అన్నమ్మ సభను నెలకొల్పారు. 1838లో ఆయన మరణించాక ఆమె పాతికేళ్ళకు పైగా ఒంటరిగా ఆ పనులన్నింటినీ నడిపి, 1864లో కన్నుమూస్తూ ఆస్తిని ధర్మసంస్థకు వ్రాసిపెట్టింది. మఠకన్యలు సికింద్రాబాద్ చేరేనాటికి ఆమె పోయి ఏడేళ్ళు. ఇక్కడి ఏ పిల్లా ఆ దంపతులకు దండ వేయలేదు. పునీత పట్టానికి దారిలో తొలి మెట్లలో ఒకటైన ‘వెనరబుల్’ గౌరవాన్ని రోము 2015లో ఆమెకు, 2018లో ఆయనకు విడివిడిగా, ఎవరి జీవితాన్ని వారిదిగా పరిశీలించి ఇచ్చింది. ఆయన ఆమెను జైలుకు వెళ్ళనిచ్చాడని ఆమె చరిత్రను మొదలుపెడితే ఎంత వెలితిగా ఉంటుందో మనుమరాలే ఊహించవచ్చు.

మన గోదావరి గట్టున ఇదే వెలితి మరొక రూపంలో కనిపిస్తుంది. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారనీ, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారనీ బడిపిల్లలకు కూడా తెలుసు. వంటవారు, నీళ్ళు తెచ్చేవారు వెలివేస్తే తానే నీళ్ళు మోసి, పెళ్ళివారికి వండిపెట్టిన ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారికి పాఠ్యపుస్తకంలో దక్కేది తరచు ఒక్క వాక్యం. ఆ వాక్యమూ తరచు ‘భర్తకు తోడుగా’ అన్న ధోరణిలోనే ఉంటుంది.

ఇక ఇచ్చిన సొమ్ము సంగతి. గదికి, గేటుకు, నీళ్ళ యంత్రానికి పేరు చెక్కించుకోవడం తప్పు కాదు కాని, కాన్వెంటు బళ్ళకు నిత్యం కరువయ్యేది గోడలు కావు. ఫీజు కట్టలేక మధ్యలో మానేసే పిల్ల చదువు, ఊడ్చే ఆయమ్మ జీతం, మరుగుదొడ్ల నిర్వహణ, ఇవే ఏటేటా వచ్చే ఖర్చులు. వీటికి తగినది శాశ్వత నిధి, అంటే అసలును కదపకుండా వడ్డీని మాత్రమే వాడే నిధి. పది లక్షలు ఆరు శాతం వడ్డీకి ఉంటే ఏటికి అరవై వేలు, నెలకు ఐదు వేలు వస్తాయి. పేదరిక వ్రతం వల్ల సిస్టర్లు తమ పనికి వచ్చినది సొంతానికి ఉంచుకోరు కనుక, సహాయం ఏ వ్యక్తికీ కాక సంస్థకే చేరుతుందన్న భరోసా కూడా దాతలకు ఉంటుంది. విదేశాలలో స్థిరపడిన పూర్వవిద్యార్థినులకు మాత్రం ఒక జాగ్రత్త అవసరం: భారత పౌరసత్వం నిలుపుకున్నవారు తమ సొంత పొదుపులో నుంచి పంపినది విదేశీ విరాళంగా లెక్కకు రాదు, పౌరసత్వం మారినవారు పంపితే మాత్రం 2010 నాటి విదేశీ విరాళాల చట్టం వర్తిస్తుంది, అటువంటి సొమ్మును అనుమతి ఉన్న సంస్థలు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతా ద్వారానే స్వీకరించాలి. ప్రేమతో పంపిన సొమ్ము పొరపాటు ఖాతాలో పడితే చిక్కులు వచ్చేది బడికే.

సభ జరిపే తీరులో ఒక్క విషయం మీద మాత్రం అమ్మమ్మ పట్టుదల సడలదు. అటువంటి నిధితో చదువుకునే పిల్లను వేదిక మీదికి పిలిచి, దాతల పాదాలకు దండం పెట్టించే ఆచారం ఈ సభలో ఉండకూడదు. ఋణం తీర్చడానికి వచ్చినవారి ముందు మరొక పసిదానిని ఋణగ్రస్తురాలిగా నిలబెట్టడం ఆ పూర్వవిద్యార్థినికే ఇబ్బందిగా తోచవచ్చు. ఆమె కూడా ఒకనాడు ఎవరి సొమ్ముతోనో చదువుకుని ఉండవచ్చు. గుప్తదానం అన్న పాత మాటలో దాత పేరు దాచడం ఎంత ఉందో, పుచ్చుకున్నవారి ముఖం దాచడమూ అంతే ఉంది.

ఆమెకు పసుపు కుంకుమలతో చీర, ఆయనకు శాలువా, మైకు ముందు ప్రసంగం అన్న పంపకాన్ని కూడా కాస్త మార్చవచ్చు. ఇద్దరికీ శాలువాలు కప్పి, ముందు ఆమె చేత మాట్లాడించి, తరువాత ఆయన ఇష్టపడితే ఆయన చేత మాట్లాడించడం సబబు. పత్రంలో ఆమె పేరు, చదివిన సంవత్సరాలు ముందు రావాలి. ఆయన పేరు కింద ఆయన చేసిన పని, దానికి ముందు ఆ బడితో ఆయనకు సంబంధం లేదన్న నిజం, ఈ రెండూ ఒక్క వాక్యంలో వస్తే చాలు. మొత్తం ఒక పుటకు మించకూడదు. తిరగవ్రాసిన చిత్తును శనివారంలోగా పంపితే, అచ్చుతప్పులు, అరసున్నల సంగతి అమ్మమ్మ చూసి తిప్పి పంపుతుంది.

ఇట్లు, ఆశీస్సులతో,
అమ్మమ్మ
మారేడ్‌పల్లి