ఇంజనీరు సంతకమూ సాక్ష్యమే

ఒక జుమా నమాజు తర్వాత ఓ యువకుడు మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అతను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ ఇంజనీరు. ఆసుపత్రిలో రోగి రక్తనాళంలోకి మందును కొలిచి ఎక్కించే యంత్రానికి అతని బృందం ప్రోగ్రాం రాస్తోంది. కరెంటు పోయి బ్యాటరీ కూడా అయిపోవస్తుంటే ఆ యంత్రం మోగి నర్సును పిలవాలి. గడువు దగ్గరపడడంతో ఆ పరీక్ష జరపలేదు. “పాస్ అని రాసెయ్, తర్వాత చూద్దాం” అన్నాడట పైఅధికారి. ఇతను రాసేశాడు. “మౌలానా సాబ్, నా జీతం హలాలేనా?” అన్నది అతని ప్రశ్న.

జీతం గురించే అడిగాడు గానీ, అతనికి నిద్రపట్టనివ్వనిది ఎక్కడో మంచం మీద పడుకున్న ఆ రోగేనని మాకు అనిపించింది.

హరామ్ సంపాదన అనగానే మనకు వడ్డీ, లంచం, మద్యం వ్యాపారం గుర్తుకొస్తాయి. తూకంలో మోసం అంటే కిరాణా కొట్టు గుర్తుకొస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చునే మన పిల్లల చేతిలోనూ ఒక తరాజు ఉందన్న సంగతి తోచదు. దైవప్రవక్త (స) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలోకి చేయి పెట్టిచూసిన సంఘటన మనందరికీ తెలుసు. పైన పొడిగా ఉంది, లోపల వేళ్లకు తడి తగిలింది. వర్షానికి తడిసిందన్నాడు వర్తకుడు. తడవడం అతని తప్పు కాదు. కాని తడిసిన గింజల్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) నిలదీశారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. లోపం ఉండడం వేరు, దాన్ని కప్పిపెట్టడం వేరు.

ఆ ధాన్యపు రాశి మన కాలంలో కారు రూపంలో కనిపించింది. జర్మనీకి చెందిన వోక్స్‌వ్యాగన్ సంస్థ తన డీజిల్ కార్లలో ఒక ప్రోగ్రాం పెట్టింది. స్టీరింగు కదలిక, వేగం, ఇంజను నడిచిన సమయం లాంటి వాటిని బట్టి, కారు ఇప్పుడు పరీక్షశాలలో ఉందా, రోడ్డు మీద ఉందా అని అది పసిగట్టేది. పరీక్ష జరుగుతుంటే పొగను శుద్ధిచేసే ఏర్పాటు సక్రమంగా పనిచేసేది. రోడ్డెక్కాక ఆ శుద్ధి తగ్గిపోయేది. ఊపిరితిత్తులకు హాని చేసే నైట్రోజన్ ఆక్సైడ్లు కొన్ని కార్లలో అనుమతించిన పరిమితికి 40 రెట్ల దాకా వెలువడేవి. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కార్లను నిజంగా రోడ్ల మీద నడిపి కొలవడంతో తేడా కనిపించింది. 2015 సెప్టెంబరులో విషయం బయటపడింది. ప్రపంచవ్యాప్తంగా ఇలాంటివి సుమారు 1 కోటి 10 లక్షల కార్లు. అదే ఏడాది డిసెంబరులో మన దేశంలోనూ 3 లక్షలకు పైగా కార్లను సరిచేయడానికి వెనక్కి పిలుస్తామని ఆ సంస్థ ప్రకటించవలసి వచ్చింది.

చూసేవాడు ఉన్నప్పుడు ఒకలా, లేనప్పుడు మరోలా ప్రవర్తించడాన్ని మన ధర్మం రియా అంటుంది, నిఫాక్ అంటుంది. మనిషిలో ఉండే ఈ జబ్బును చదువుకున్న మనుషులే ఇనుముకు అంటించారు. అల్లాహ్ చూస్తున్నాడన్న ఎరుకతో బతకడమే ఇహ్‌సాన్. అది నమాజు చాప మీద మాత్రమే ఉండి ఆఫీసు కుర్చీ దగ్గర లేకపోతే ఇక దానికి అర్థమేమిటి?

ఆ వ్యవహారంలో ఒక ఇంజనీరుకు 2017 ఆగస్టులో అమెరికా న్యాయస్థానం 40 నెలల జైలుశిక్ష, 2 లక్షల డాలర్ల జరిమానా విధించింది. కుట్రకు సూత్రధారి అతను కాదని ప్రాసిక్యూషనే ఒప్పుకుంది. అయినా శిక్ష తప్పలేదు.

“పైవాళ్లు చెప్పారు, ఉద్యోగం పోతుంది” అనే మాటను షరీఅత్ పట్టించుకోలేదని కాదు. హనఫీ ఫిఖహ్ గ్రంథాల్లో ఇక్రాహ్, అంటే బలవంతం గురించి ఒక అధ్యాయమే ఉంది. ప్రాణం తీస్తామనో, అవయవం నరుకుతామనో బెదిరిస్తే చచ్చిన జంతువు మాంసం తినడానికి కూడా అనుమతి లభిస్తుంది. కాని అంతటి బెదిరింపులోనూ ఇంకొకరి ప్రాణం తీయడానికి అనుమతి లేదు. నా ప్రాణం అతని ప్రాణం కన్నా విలువైనదేమీ కాదు గనుక. మరి ఇంక్రిమెంటు పోతుందన్న భయం ఏ కోవలోకి వస్తుంది? ఇంటి అప్పు, చెల్లెలి పెళ్లి ఎంత బరువో మాకు తెలియనిది కాదు. వాటిని తేలిగ్గా తీసుకోమని ఆ యువకుడితో మేము అనలేదు కూడా. కాని రోగికి ఆ లెక్కలతో నిమిత్తం లేదు. అతను మోగుతుందని నమ్మి యంత్రాన్ని తగిలించుకుంటాడు. “పాస్” అని రాయడం అతని ముందు ఇచ్చిన సాక్ష్యం.

ఇది మతపెద్దలు కొత్తగా చెబుతున్నదేమీ కాదు. విద్యుత్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం ఐఈఈఈ తన నైతిక నియమావళిలో ప్రజల భద్రతను, ఆరోగ్యాన్ని, సంక్షేమాన్ని మొట్టమొదటి నియమంలోనే పెట్టింది.

అతని జీతమంతా హరామ్ అని మేము చెప్పలేదు. నిజాయితీగా చేసిన పనికి వచ్చిన కూలీ అతనిదే. రాసిన అబద్ధం మాత్రం వేరే లెక్క. అది దైవదాసుల హక్కుకు సంబంధించినది గనుక నోటితో చేసే తౌబా ఒక్కటే చాలదు, చేసినదాన్ని సరిదిద్దాలి. యంత్రం ఇంకా ఆసుపత్రులకు వెళ్లలేదన్నాడు. అల్‌హమ్దులిల్లాహ్. అయితే ఆ పరీక్ష జరగలేదని పైఅధికారికి రాతపూర్వకంగా తెలియజేయమన్నాం. ఆయన వినకపోతే ఆయన పైవారికి రాయమన్నాం. అప్పటికీ వినకపోతే సంతకం పెట్టకుండా, ఈలోగా వేరే ఉద్యోగం వెతుక్కోమన్నాం. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. “అమ్మీకి ముందు చెప్పాలి” అని లేచాడు.